కాపరికి ఆకలేస్తే

మేనేజరు మళ్లీ రాయికి ఒళ్లు రుద్దుకున్నాడు.

"చూశావా అమ్మాయ్! పొద్దున్నించీ ఇది పదకొండోసారి," అన్నాడు గవర్రాజు, కుర్చీని తొట్టి అద్దానికి ఇంకాస్త దగ్గరగా లాక్కుంటూ. "నేను లెక్కెడుతూనే ఉన్నాను."

ఒక చేత్తో కాఫీ గ్లాసు, ఇంకో చేత్తో స్కూటీ తాళాలు పట్టుకుని బయల్దేరబోతున్న కోడలు నళిని ఆగి చూసింది. మేనేజరంటే అరచెయ్యంత బంగారు చేప. పొట్ట ముందుకు పొడుచుకొచ్చి, నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. గవర్రాజు ఉప్పాడ తీరం వెంట రొయ్యపిల్లల హేచరీల్లో ముప్ఫై ఒక్కేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ తనమీద అరిచినవాళ్ల హోదాలన్నీ ఇప్పుడు ఈ చేపలకి పెట్టుకున్నాడు. మేనేజరు, సూపర్‌వైజరు, డ్రైవరు, వాచ్‌మన్. నలుగురూ ఇప్పుడు ఆయన పెడితేనే తింటారు. ఆ ముచ్చట తీరక ఆయన రోజులో సగం ఆ కుర్చీలోనే గడుపుతాడు.

"డ్రైవరు కూడా మూల నక్కాడు. రెక్కలు ముడుచుకున్నాడు చూడు. మొన్నటి దాకా తొట్టంతా తనదే అన్నట్టు తిరిగేవాడు."

నళిని వంగి చూసింది. చేపల ఒంటిమీద తెల్ల చుక్కలేవీ లేవు. మొప్పలు మాత్రం వేగంగా కొట్టుకుంటున్నాయి. సూపర్‌వైజరు వెనక తెల్లటి దారంలాంటి రెట్ట వేలాడుతోంది.

"తెల్లమచ్చ మొదలవుతున్నట్టుంది మావయ్యా. చుక్కలు బయటపడకముందు ఇలాగే గోక్కుంటాయి. ఉప్పేద్దాం."

"చూడకుండా మందేస్తావా? చెరువుల వాళ్లు అలా చేస్తే కసురుతావుగా!"

"ఆఫీసుకి టైమైపోయింది. ఉప్పుతో పోయేదేం లేదు."

వంద లీటర్ల తొట్టి. లీటరుకి మూడు గ్రాములు చొప్పున గల్లుప్పు తూచి, మూడు రోజులకి మూడు భాగాలు చేసి, సీసాల్లో పోసిచ్చింది. మూడోరోజు సాయంత్రం ఆమె ఇంటికొచ్చి ఉప్పు కొలిచే మీటరు తీసేలోపే గవర్రాజు వేలు నీళ్లలో ముంచి నాలుక్కి రాసుకున్నాడు. కళ్లు మూసి ఓ క్షణం ఆగాడు.

"రెండు ముప్పావు. మూడుకి కాస్త తక్కువుంది."

మీటరు రెండు పాయింటు ఎనిమిది చూపించింది.

"ఎన్నిసార్లు చెప్పాను మావయ్యా, ఆ నీళ్లు నోట్లో పెట్టుకోవద్దని!"

"ఏ హేచరీకైనా వెళ్లి చూడు. నీళ్లు నాలుకమీద వెయ్యకుండా ఎవడైనా రొయ్యపిల్లని వదుల్తాడా? నీ మీటరు బ్యాటరీ అయిపోతే నోరు మూసేస్తుంది. నాది మూతపడేది నేను పోయినప్పుడే."

నళిని నవ్వింది. కడుపులో మంటగా అనిపిస్తే గులాబీరంగు బిళ్ల ఒకటి చప్పరించింది. ఖాళీ కడుపుతో కాఫీ తాగి వెళ్లిపోవడం ఆమెకి కాలేజీ రోజుల నుంచీ అలవాటు. భర్త సరుకు ఓడలో ఇంజినీరు. ఏడాదిలో ఎనిమిది నెలలు సముద్రం మీదే. ఇంట్లో వంట మావగారిది, సంపాదన ఈమెది. ఇద్దరికీ అది బాగానే కుదిరింది.

*

కాకినాడ శివార్లలోని ఆ మత్స్య పరిశోధనశాలలో ఆరు తొట్లున్నాయి. నళిని తొమ్మిదేళ్ల జీవితం ఆ ఆరు తొట్లలోనే ఉంది.

ఆ వారంలోనే ఓ రోజు చెరువుల రైతులు ఎనిమిది మంది చూడ్డానికొచ్చారు. ఒంటినిండా తెల్లమచ్చలున్న చేపని వాళ్ల ముందే రెండో నంబరు తొట్టిలో వదిలింది నళిని. చిన్న సీసాలోని నీళ్లు నాలుగు చుక్కలు వేసింది. గదిలో దీపాలార్పి నీలం లైటు వెలిగించింది. నీళ్లలో ఆకుపచ్చ ధూళి మెరిసింది. ఆ ధూళి మెల్లగా కదిలి, చేపని వెతుక్కుని, ఒళ్లంతా కమ్ముకుంది.

"ఇదేంటమ్మా, మిణుగురు పురుగులా?" అన్నాడు ఓ రైతు.

"ఒకే కణం ఉన్న జీవి. పేరు కాపరి. మేం తయారుచేశాం. చేపని తినే పురుగుల్ని ఇది తింటుంది, చేపని ముట్టుకోదు. కనబడ్డానికని ఆ మెరుపు మేం పెట్టిందే."

"మేం మందులు కొడుతుంటాం గదా, చచ్చిపోదా?"

"మీరు కొట్టే మందులేవీ దీన్ని చంపలేవు. బ్లీచింగు ఒక్కటే చంపుతుంది. అది మీరు చేపలున్న చెరువులో పొయ్యరుగా."

మర్నాడు పొద్దున్నే రైతులు మళ్లీ వచ్చి చూస్తే చేప ఒంటిమీద ఒక్క మచ్చ లేదు. ఒకాయన తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. పోయినేడు ఆయన చెరువులో చేపలన్నీ ఒకే వారంలో తేలిపోయాయి.

"పదిహేనో తారీకు, సోమవారం," అన్నాడు డైరెక్టరు కోదండపాణి వాళ్లని సాగనంపుతూ. "నలభై చెరువుల్లో ఒకేసారి వదుల్తాం. ఇంక మీరు నిద్రపోవచ్చు."

అప్పటికి పదమూడు రోజులుంది.

*

ఉప్పు పనిచెయ్యలేదు. కడుపులో నులిపురుగులేమోనని మేతలో మందు కలిపి పెట్టింది. అదీ పనిచెయ్యలేదు. ఆదివారం పొద్దున డ్రైవరు నీటిపైన వెల్లకిలా తేలాడు.

గవర్రాజు కుర్చీలోంచి లేవలేదు. "మంచోడు. ఎప్పుడూ తిక్కగా ఉండేవాడు గానీ మంచోడు," అన్నాడు, చేప గురించి అంటున్నాడో, అసలు డ్రైవరు గురించి అంటున్నాడో తెలీకుండా.

నళినికి సిగ్గేసింది. మైక్రోస్కోపు ముందు పదిహేనేళ్లుగా కూర్చుంటున్న మనిషి సొంత ఇంట్లో గుడ్డిగా రెండు మందులు వేసింది. బీరువా మీదున్న పాత మైక్రోస్కోపు దించి భోజనాల బల్లమీద పెట్టింది. చచ్చిన చేప ఒంటిమీంచి అద్దపు పలకతో జిగురు మెల్లగా గీకి, చుక్కనీళ్లు వేసి, లెన్సు కింద పెట్టింది.

తెల్లమచ్చ జీవి లేదు. నులిపురుగు లేదు. గుండ్రటివేవో జిగురులో తలదూర్చి తిరుగుతున్నాయి. వాటి కదలిక ఆమెకి తెలుసు. కుడివైపు రెండు చుట్లు, ఆగడం, మళ్లీ రెండు చుట్లు. తన పేరు తనకి ఎంత తెలుసో ఆ నడక అంత తెలుసు.

కాదు, కాకూడదు అనుకుంటూ బ్యాగులోంచి నీలం టార్చి తీసి వెలిగించింది.

పలకంతా ఆకుపచ్చగా మెరిసింది.

"ఏంటమ్మాయ్, ఏం కనబడింది?"

నళిని తొట్టి మూలనున్న ఫిల్టరుకేసి చూసింది. నాలుగు నెలల క్రితం ఈ తొట్టి పెట్టినప్పుడు, కొత్త నీళ్లు త్వరగా కుదురుకోడానికని ల్యాబ్‌లోంచి పాత ఫిల్టరు స్పాంజి ఒకటి తెచ్చి వేసింది. చేపలు పెంచేవాళ్లంతా చేసే పనే అది. తెచ్చింది మూడో నంబరు తొట్టిలోంచి. కాపరిని ఎప్పుడూ వెయ్యని తొట్టి అది. పోల్చి చూసుకోడానికని విడిగా, శుభ్రంగా ఉంచిన తొట్టి.

ఫోన్ చేసింది. ల్యాబ్‌లో తొట్ల పని చూసే మెహరున్నీసా ఆదివారం డ్యూటీలో ఉంది. ఏడాదిలో రిటైరవుతుంది. ఎవరికీ భయపడదు.

"మూడో తొట్టి మీద నీలం లైటు వెయ్యి."

"దానిమీద దేనికి మేడమ్? అందులో ఏముంది?"

"వెయ్యి."

అవతల స్విచ్చి చప్పుడైంది.

"మేడమ్," అంది మెహరున్నీసా, "చిలకపచ్చగా ఉంది."

*

మూడేళ్ల నివేదికలన్నీ ఒకే ఒక్క మాటమీద నిలబడ్డాయి. కాపరి ఉన్న చేపలూ కాపరి లేని చేపలూ ఒకే తీరుగా ఆరోగ్యంగా పెరిగాయి కాబట్టి కాపరివల్ల చేపకి హాని లేదు. ఇప్పుడు తేలిందేమిటంటే కాపరి లేని చేపలే లేవు. ఏ వలకి అంటుకునో, ఏ చేతికి అంటుకునో అది ఎప్పుడో మూడో తొట్టిలోకి వెళ్లిపోయింది.

కానీ ల్యాబ్‌లో హాని చెయ్యనిది ఇంట్లో ఎందుకు చేసింది?

ఆ ప్రశ్న ఇంకా తెగకముందే రెండోది వచ్చి తగిలింది. నళిని తలెత్తి మావగారికేసి చూసింది. ఆయన తొట్టి నీళ్లలో వేలు ముంచి, అలవాటుగా నోటి దగ్గరికి తెస్తున్నాడు.

"మావయ్యా!"

ఆ కేకకి గవర్రాజు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"కడుపు... మీ కడుపెలా ఉంటోంది ఈ మధ్య?"

"బ్రహ్మాండంగా ఉంది. ఏం?"

అదే ఆమె భయం. గవర్రాజుకి హేచరీ రోజుల నుంచి అమీబా జబ్బు ఉంది. ఏది తిన్నా పరుగు. ముప్ఫై ఏళ్లుగా మింగని బిళ్ల లేదు. నాలుగు నెలల నుంచి అది చేత్తో తీసేసినట్టు పోయింది. ఏదో ఆకుల చూర్ణం పనిచేసిందని ఆయన వీధంతా చాటాడు. గోంగూర, పచ్చిమిరపకాయ, పులిసిన అట్టు మీద అల్లప్పచ్చడి... వయసులో తినలేనివన్నీ ఇప్పుడు తింటున్నాడు.

మర్నాడు ఆయన విరేచనం శాంపిలు టార్చి కింద పెట్టింది. అమీబా ఒక్కటి లేదు. ఆకుపచ్చ చుక్కలు మాత్రం లెక్కలేనన్ని ఉన్నాయి.

దాచకుండా చెప్పింది. గవర్రాజు అంతా విని, గెడ్డం గోక్కున్నాడు.

"అంటే నా కడుపులో పురుగుల్ని నీ పురుగు తినేసింది. మంచిదేగా?"

"తినడానికి ఇంకేం మిగల్లేదు మావయ్యా. డ్రైవరు ఒంటిమీద కూడా ఏం మిగల్లేదు. అప్పుడే వాడి జిగురు తినడం మొదలుపెట్టింది."

ఆయన తొట్టికేసి చూశాడు. ముగ్గురు మిగిలారు. వాచ్‌మన్ ఇప్పుడే మూలకి చేరాడు.

"నాకెప్పుడు మొదలెడుతుంది?"

"తెలీదు."

*

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఓపిగ్గా విని, ఉన్నవాటిలో బలమైన బిళ్లలు రాశాడు. అవి పనిచెయ్యవని నళినికి తెలుసు. వాటికి తట్టుకునేలా కాపరిని తయారుచేసింది తనే. అయినా వేసింది. కడుపుకి శ్రమ లేకుండా పత్యం పెట్టింది. సగ్గుబియ్యం జావ, బార్లీ నీళ్లు. అట్లు బంద్, పచ్చడి బంద్. మరుగుదొడ్డిలో రోజూ బ్లీచింగు పౌడరు. ఫిల్టరు నీళ్లు తప్ప ఇంకేమీ నాలుకమీద వెయ్యనని ఆయన చేత ఒట్టేయించుకుంది.

"ముప్ఫై ఏళ్లు జబ్బుండగా ఇన్ని ఆంక్షల్లేవు. తగ్గాక వచ్చాయి," అన్నాడు గవర్రాజు జావ గిన్నెకేసి అసహ్యంగా చూస్తూ. "దీన్ని చూస్తే ఫిల్టరు కడిగిన నీళ్లు గుర్తొస్తున్నాయి."

డైరెక్టరుకి ఇంకా చెప్పలేదు. ముందు మావయ్యకి తగ్గనీ, అసలు సంగతి పూర్తిగా తేలనీ అనుకుంది. మంగళవారం అలా అనుకుంది. బుధవారమూ అలాగే అనుకుంది. ల్యాబ్‌లో నలభై డ్రమ్ములకి చీటీలంటిస్తున్నారు. మెహరున్నీసా ఆమెకేసి ఒకసారి చూసి తలతిప్పుకుంది.

పత్యం మొదలెట్టిన అయిదో రోజు, శనివారం పొద్దున, గవర్రాజు బాత్రూమ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మాయ్, నెత్తురు పడింది."

గొంతులో భయం లేదు. నీళ్లలో ఉప్పెంతుందో చెప్పినట్టే చెప్పాడు. మొహం మాత్రం పాలిపోయి ఉంది. నళిని ఆయన్ని పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. ఆస్పత్రికి ఫోన్ చేసింది. పడక ఏర్పాటుచేసి గంటలో పిలుస్తామన్నారు.

ఆ గంట ఎలా గడపాలో ఇద్దరికీ తెలీలేదు. ఆయన గదిలోంచి తొట్టి కనబడుతుంది. మేనేజరు రాయికి ఒళ్లు రుద్దుకుంటున్నాడు.

"నాకొకటి తోస్తోంది," అన్నాడు గవర్రాజు. "చెప్తే కసురుతావేమో."

"చెప్పండి."

"చేపలకి నేను రోజూ అట్టుముక్క వేసేవాణ్ని గదా. నీళ్లు మురికవుతున్నాయని నువ్వు మాన్పించావు. ఎప్పుడు?"

"ఎప్పుడో... రెండు నెలలైంది."

"ఏడు వారాలు. మానేసిన అయిదో వారంలో మేనేజరు గోక్కోడం మొదలెట్టాడు. అట్టు తిన్నన్నాళ్లూ ఒక్కడికీ ఏ రోగమూ లేదు. నాకూ నువ్వు అట్టు మాన్పించావు. అయిదు రోజులైంది." ఊపిరి తీసుకోడానికి ఆగాడు. "వాళ్లకన్నా నాది వేగంగా జరిగింది. ముసలాణ్ని గదా."

నళిని కసరలేదు. లేచి వంటింట్లోకి పరిగెత్తింది.

*

ఫ్రిజ్‌లో పత్యానికి ముందు రుబ్బిన అట్లపిండి ఓ గిన్నెడు మిగిలింది. మూత తీస్తే పులుపు ముక్కుకి కొట్టింది. పెనం పెట్టి చిన్న అట్టు వేసింది. వంకరగా వచ్చింది, ఓ పక్క మాడింది. గోరంత ముక్క తుంచి తొట్టి దగ్గరికొచ్చి, హాల్లో కర్టెన్లన్నీ మూసింది. పట్టపగలు గది చీకటైంది. టార్చి వెలిగించి అద్దానికి ఆనించింది.

మూడు చేపలూ నిలువెల్లా ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. నీళ్లు మాత్రం నల్లగా, ఖాళీగా ఉన్నాయి. కాపరులన్నీ చేపల ఒంట్లోనే తలలు దూర్చుకుని ఉన్నాయి.

ముక్క వేసింది.

ఒక నిమిషం ఏమీ జరగలేదు. తరవాత మేనేజరు వీపు మీది మెరుపు కొద్దిగా చెదిరింది. సన్నటి పచ్చటి పొగ ఒకటి విడిపోయి నీళ్లలోకి సాగింది. తరవాత సూపర్‌వైజరు మీంచి ఒకటి. వాచ్‌మన్ మీంచి ఒకటి. మూడు పొగలూ ముక్క చుట్టూ చేరి తిరగసాగాయి, కుడివైపు రెండు చుట్లు, ఆగడం, మళ్లీ రెండు చుట్లు. చేపలు మెల్లమెల్లగా వట్టి నారింజరంగులోకి తిరిగాయి.

"నాకు కనబడ్డం లేదు. ఏమైందే?" అంటున్నాడు గవర్రాజు గదిలోంచి.

"వదిలేస్తున్నాయి మావయ్యా. వదిలేస్తున్నాయి."

నేలమీద అలాగే కూర్చుండిపోయింది. ఇప్పుడు అన్నీ వరసగా అమరాయి. కాపరి వేటని కళ్లతో చూడదు. ఒంటిమీది చక్కెర పూత తగిలి గుర్తుపడుతుంది. తెల్లమచ్చకి ఉన్న పూతే అమీబాకీ ఉంది. పులిసిన పిండిలో కోట్లకొద్దీ ఉండే ఈస్టు కణాలకీ ఉంది. పెనం మీద కాలినా ఆ పూత పోదు, మనిషి కడుపులో అరగదు. ల్యాబ్‌లో పరీక్షల కోసం వారం వారం కొత్త పురుగుల్ని వేసేవారు. పురుగులెయ్యని మూడో తొట్టికి కూడా ల్యాబ్ మేతలోని ఈస్టు అందేది. కాపరికి ఎప్పుడూ ఆకలెయ్యలేదు. ఆకలేస్తే ఏం చేస్తుందో తొమ్మిదేళ్లలో ఎవరూ చూడలేదు. తను కూడా.

మిగిలిన అట్టు పళ్లెంలో పెట్టి మావగారి ముందుంచింది.

గవర్రాజు దాన్ని తిప్పి చూశాడు. "ఓ పక్క మాడింది."

"తినండి."

"పచ్చడి?"

"మావయ్యా!"

"అడిగితే తప్పేంటమ్మా," అంటూ ఆయన మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అయిదు రోజుల తరవాత తిన్న అట్టు. కళ్లమ్మట నీళ్లు తిరిగాయి. "ఉప్పు తక్కువైంది," అన్నాడు.

*

ఆయన్ని ఆస్పత్రిలో చేర్చి, సెలైను ఎక్కుతుండగా, పెద్ద డాక్టరుకి అంతా చెప్పి, రోజూ అట్టు పెట్టడానికి ఒప్పించి, నళిని నేరుగా డైరెక్టరు ఇంటికి వెళ్లింది. కోదండపాణి వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. ఆమె పలక, టార్చి, మూడో తొట్టి ఫోటోలు బల్లమీద పెట్టి, నిలబడే చెప్పింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పోయిన ఆదివారం."

"ఇవాళ శనివారం."

"అవును సార్. ఆరు రోజులు దాచాను. దానికి మీరేమన్నా పడతాను."

ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. "ఎల్లుండి నలభై చెరువులు. మంత్రిగారొస్తున్నారు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు? చెరువుకో మనిషిని పెట్టి రోజూ అట్లు వేయించమంటావా?"

"వదలొద్దంటున్నాను. చెరువులో పురుగులన్నీ అయిపోయిన నెలకి అది చేపల మీద పడుతుంది. అక్కడితో ఆగదు. మన తీరంలో నీళ్లు నాలుకమీద వేసుకుని చూడని మనిషి లేడు సార్. రైతులు, కూలీలు, హేచరీవాళ్లు. వాళ్లందరిళ్లల్లో రోజూ అట్లు పొయ్యరు."

"రెండు నెలలు వాయిదా వేసి, మళ్లీ పరీక్ష చేస్తే?"

"దేనితో పోల్చి పరీక్ష చేస్తాం? శుభ్రమైన తొట్టి మనకి ఒక్కటీ లేదు. మూడేళ్ల కాగితాలు చెల్లవు. నేనే సంతకం పెట్టాను, నేనే కొట్టేస్తాను."

"నీ పేరు పోతుంది నళినీ. తొమ్మిదేళ్లు."

"మా మావయ్యకి నెత్తురు పడకుండా ఉంటే ఇంకో తొమ్మిదేళ్లు మంచిపేరుతో ఉండేదాన్నేమో. తెలీదు సార్. ఆపండి."

కోదండపాణి పేపరు మడిచి పక్కన పెట్టాడు. తరవాత ఫోన్ అందుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆరు తొట్లలోనూ, నలభై డ్రమ్ముల్లోనూ బ్లీచింగు పోశారు. నళిని తనే పోస్తానంది గాని, మెహరున్నీసా ఆమె చేతిలోంచి బకెట్టు లాక్కుంది.

"వీటికి మేత పెట్టిన చెయ్యి నాది మేడమ్. నన్ను పొయ్యనివ్వండి."

నీలం లైటు వేసి ఉంచారు. పచ్చటి ధూళి కాస్సేపు గిరగిరా తిరిగింది. ఒక్కో తొట్టీ మామూలు నీళ్లలా నల్లబడుతూ పోయింది. మూడో నంబరు ఆఖరిది.

*

నెత్తురు నాలుగో రోజుకి ఆగింది. పదో రోజున గవర్రాజు ఇంటికొచ్చాడు. వస్తూనే పిండి రుబ్బాడు.

చేపలకి నళిని అన్ని ప్రయత్నాలూ చేసింది. అట్టుముక్క ఎర వేసి, కాపరులు విడిపోగానే చేపల్ని కొత్త నీళ్లలోకి మార్చింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ప్రతిసారీ పొలుసుల సందుల్లో నాలుగైదు మిగిలేవి. వారానికి మళ్లీ పచ్చబడేవి. మావగారి మీదా అదే పద్ధతి, అట్టు పెట్టి ఆపైన ఆముదం తాగించింది. పెద్ద డాక్టరు పక్కనే ఉన్నాడు. "ఈ పాపం ఏ జన్మలోదో," అంటూ ఆయన తాగాడు. వారం తిరిగేసరికి టార్చి కింద చుక్కలు మళ్లీ కనబడ్డాయి.

ఇంక వెళ్లగొట్టడం మానేసింది. వెళ్లగొట్టలేనిదానికి వేళకి తిండి పెట్టాలి. చేపలకి రోజూ గోరంత ముక్క. గవర్రాజుకి రోజూ రెండట్లు, బతికినన్నాళ్లూ. పండగైనా, ప్రయాణమైనా, ఒంట్లో బాలేకపోయినా.

"అట్లు తినకపోతే పోతావని శాపం పెట్టించుకున్నవాణ్ని లోకంలో నేనొక్కణ్ణేనేమో," అన్నాడాయన ఓ పొద్దున, పెనం మీద నీళ్లు చిలకరిస్తూ. ఒంట్లో రంగొచ్చింది. "మా మేనేజరుకీ నాకూ ఇన్నాళ్లకి ఒకే రోగం, ఒకే మందు. అసలు మేనేజరు వింటే చచ్చూరుకునేవాడు."

నళిని కాఫీ గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడింది. ఇప్పుడు ఆమెకి తొందరేం లేదు. విచారణ తేలేదాకా సెలవు. స్కూటీ తాళాలు మేకుకే వేలాడుతున్నాయి. ముందురోజు సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఇంకో పలక చూసింది. అది మావగారిది కాదు, తనది. గులాబీరంగు బిళ్లలు ఏడాదిగా ఎందుకు పనిచెయ్యడం లేదో ఆ పలక చెప్పింది. తొమ్మిదేళ్లు ల్యాబ్ తొట్ల నీళ్లలో చేతులు ముంచింది. చూడాలని ఒక్కసారీ తోచలేదు.

గవర్రాజు మొదటి అట్టు తీసి, అంచు తుంచి, హాల్లోకెళ్లి తొట్టిలో వేశాడు. మేనేజరు నోరు తెరుచుకుని పైకొచ్చాడు. తిరిగొచ్చి రెండో గరిటె పిండి పోశాడు.

"మావయ్యా," అంది నళిని. "నాకూ రెండు వెయ్యండి."

"పొద్దున్నే తిననంటావుగా, ఇదేం కొత్త..."

గరిటె ఆగింది. ఆయన తిరిగి ఆమె మొహంలోకి చూశాడు. గ్లాసు పట్టుకున్న చేతికేసీ, కడుపు మీదున్న రెండో చేతికేసీ చూశాడు. మీటరు లేకుండా ఉప్పెంతో చెప్పగల మనిషి.

పెనం మీది అట్టు అంచులు లేచాయి. తిప్పకుండా, మెత్తగా మడిచి, ఆమె పళ్లెంలో వేశాడు.

"కూర్చో. వేడిగా ఉన్నప్పుడే తిను," అన్నాడు. కాస్సేపాగి, "రేపట్నించి పిండి ఎక్కువ నానెయ్యాలి. ఎంతమందికి?"

నళిని మొదటి ముక్క తుంచింది. బాగా పులిసింది. ఉప్పు సరిగ్గా ఉంది.

"మెహరున్నీసాని రేపు పొద్దున రమ్మన్నాను," అంది. "తనూ కడుపులో మంటంటోంది."